ల్యాండింగ్‌కి ఒక్కటే ఛాన్స్: బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్ కథ

కార్గో విమానం అనగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఎన్ని టన్నులు మోస్తుంది? నేనూ అదే అడిగేవాణ్ణి, బెర్లిన్ ఎయిర్‌లిఫ్ట్ గురించి చదివేదాకా.

1948 జూన్ 24. పశ్చిమ బెర్లిన్‌కి వెళ్లే రోడ్లు, రైళ్లు, కాలవలు అన్నీ సోవియట్లు మూసేశారు. లోపల 20 లక్షలకు పైగా జనం. తిండి ఒక్కటే కాదు, కరెంటుకి, చలికి బొగ్గు కావాలి. అవును, బొగ్గుని విమానాల్లో మోశారు! రోజుకి సుమారు 4,500 టన్నులు కావాలని లెక్క. అమెరికన్ల దగ్గర మొదట ఉన్నవి సి-47లు, అంటే మన డకోటాలు. ఒక్కోటి మోసేది 3 టన్నులు. తర్వాత నాలుగు ఇంజిన్ల సి-54లు వచ్చాయి, 10 టన్నులు. ఇక సమస్య తీరినట్టే కదా? తీరలేదు.

ఆగస్టు 13, శుక్రవారం. బెర్లిన్ మీద వాన, బాగా కిందికి దిగిన మబ్బు. టెంపుల్‌హాఫ్‌లో ఒక సి-54 రన్‌వే చివర కూలి తగలబడింది. సిబ్బంది ఎలాగో బయటపడ్డారు. వెనకొచ్చిన దాని టైర్లు పేలాయి. ఇంకోటి పొరపాటున ఇంకా కడుతున్న రన్‌వే మీద దిగేసింది. మిగతావన్నీ పైన ఒకదాని మీద ఒకటి గుండ్రంగా తిరుగుతూ వెయిటింగ్. తమాషా ఏంటంటే, ఎయిర్‌లిఫ్ట్ బాస్ జనరల్ విలియం టన్నర్ కూడా ఆ గుంపులోనే ఇరుక్కున్నాడు. యుద్ధకాలంలో అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకు పంపిన 'హంప్' ఆపరేషన్‌ని నడిపిన మనిషి. రేడియోలో ఒకటే ఆర్డర్ ఇచ్చాడు: పైనున్న వాళ్లంతా వెనక్కి వెళ్లిపోండి.

ఆ తర్వాత అదే రూల్ అయింది. ల్యాండింగ్ మిస్ అయితే రెండో ప్రయత్నం లేదు, సరుకుతో సహా బేస్‌కి వెళ్లిపోవాలి. 10 టన్నుల బొగ్గు వెనక్కి మోసుకెళ్లడం దండగ అనిపిస్తుంది. కానీ మూడు నిమిషాలకో విమానం వస్తున్నప్పుడు ఒక్కడు మళ్లీ ట్రై చేస్తే వెనకున్న వాళ్లందరూ ఆగాలి. సర్వర్లతో తిప్పలు పడ్డవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఫెయిలైన ఒక్క రిక్వెస్ట్‌ని పట్టుకుని వేలాడితే క్యూ మొత్తం పోతుంది.

డకోటాల స్పీడు వేరు కాబట్టి అమెరికన్లు వాటినీ తప్పించేశారు. పైలట్లు బెర్లిన్‌లో విమానం వదిలి వెళ్లకూడదు. టీ, టిఫిన్ లాంటివి జీపులో వాళ్ల దగ్గరికే వచ్చేవి.

1949 ఏప్రిల్‌లో ఈస్టర్‌కి 24 గంటల్లో 1,398 ఫ్లైట్లు, దాదాపు 13,000 టన్నుల బొగ్గు. అంటే ఇంచుమించు నిమిషానికో విమానం! ఈ మొత్తం పనిలో సుమారు వంద మంది ప్రాణాలు పోయాయి, అదీ మర్చిపోకూడదు.

మే 12న సోవియట్లు దారులు తెరిచారు. విమానాలు మాత్రం వెంటనే ఆగలేదు. మళ్లీ మూసేస్తే? అందుకే సెప్టెంబర్ 30 దాకా సరుకు దించుతూనే ఉన్నారు.