హుస్సేనీ ఆలం పిల్లలు, మాటల అర్థములు

చార్మినారునకు పడమటి దిక్కున, లాడ్ బజారులోని గాజుల దుకాణముల వరుసలు రెండింటి నడుమ నడచి, 1892లో అస్మాన్ జా కట్టించిన మహబూబ్ చౌక్ గడియారపు గోపురమును దాటి ముందునకు సాగిన బాటసారి చేరుకొను పేట హుస్సేనీ ఆలం. ఇచటి ఆశుర్ఖానాలో మొహర్రము దినములందు నిలుపబడు అలమే ఈ పేటకు పేరిచ్చినది. అలమనగా ధ్వజము, పల్లెలలో పీర్ల పండుగ చూచినవారికి ఆ లోహపు ధ్వజము చిరపరిచితమే. అరబ్బీలో హ్రస్వముతో పలుకవలసిన ఈ మాటను పేట పేరులో తెలుగువారము దీర్ఘముతో వ్రాయుచున్నాము. దీర్ఘము చేర్చినంతనే అది ప్రపంచమను అర్థముగల వేరొక పదమైపోవును. హ్రస్వముతోనే పలికియు అరబ్బీ లిపిలో మొదటి అక్షరముగా 'ఐన్'నకు మారు 'అలిఫ్'ను వ్రాసినచో దుఃఖమను అర్థము వచ్చును. అంతకంటె వింత యేమనగా, ధ్వజమను అర్థముగల 'అలమ్'నకును, విద్య యను అర్థముగల 'ఇల్మ్'నకును ఆ లిపిలో అక్షరములు మూడును ఒక్కటే: ఐన్, లామ్, మీమ్. అచ్చుల గుర్తులు పెట్టకున్నచో అది ధ్వజమో విద్యయో సందర్భమును బట్టి గ్రహింపవలసినదే. ఇక మన ప్రాచీన కావ్యములు చదివిన తెలుగు పండితునకు 'ఆలము' అన్నంతనే యుద్ధము స్ఫురించును.

ఒక్క పేట పేరునకే ఇన్ని అర్థములు గల చోట పుట్టిన పిల్లవానికి, మాటకు అర్థము చెప్పుట యనునది ఎంత సూక్ష్మమైన పనియో వేరుగా చెప్ప నక్కరలేదు. నేడు ఆ పేటలోని బడులలో, అన్ని బడులలోవలెనే, 'వర్డ్ మీనింగ్స్' అను పేరిట ఈ పని ప్రతిదినమును జరుగుచున్నది. పసిపిల్లలకు పరభాషా పదములను, వాని అర్థములను జతలుజతలుగా నేర్పు ఈ ఆచారము ఇంగ్లీషుతో వచ్చినది కాదు. దీని వెనుక శతాబ్దముల చరిత్ర కలదు; ఆ చరిత్ర రెండు పాయలుగా ప్రవహించి పాతనగరపు ఇరుకు సందులలో కలిసికొన్నది.

మొదటి పాయ మనది. వీథిబడిలో ఇసుకమీద ఓనమాలు దిద్దిన బాలుడు అక్షరములు కుదిరిన పిమ్మట అమరమును వల్లించుచుండెను. అమరసింహుని నామలింగానుశాసనము నిఘంటువే యైనను, వెదకి చూచుకొను నిఘంటువు కాదు, కంఠస్థము చేయు నిఘంటువు. స్వర్గమునకు పేర్లెన్ని, అగ్నికి పేర్లెన్ని, తామరకు పేర్లెన్ని యని శ్లోకములలో కూర్చిన ఆ గ్రంథమునకు గురుబాలప్రబోధిక యను తెలుగు వ్యాఖ్య పుట్టినది. గురువునకును బాలునకును కలిపి ప్రబోధము చేయు పుస్తకమని ఆ పేరు చెప్పుచున్నది. సంస్కృతపదము ప్రక్కన తెలుగుమాట నిలిపి, ఇది యనగా ఇది యని చూపుట దాని పని. తెలుగుమాటలకే పర్యాయపదములను పద్యములలో కూర్చిన పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము సైతము ఈ కోవలోనిదే.

ఈ పద్ధతిలో గొప్ప గుణము ఒకటియు, గొప్ప దోషము ఒకటియు కలవు. గుణమేమనగా, ఛందస్సు అనునది జ్ఞాపకమునకు త్రాడు; ఒక కొస పట్టి లాగినచో తక్కినదంతయు వెంట వచ్చును. దోషమును 1823లో బళ్లారి కలెక్టరు కాంబెల్ తన విద్యావిషయక నివేదికలో ఎత్తిచూపెను. బాలురు పుస్తకములకు పుస్తకములు అప్పగింతురు గాని, వానిలోని కావ్యభాష వారి యింటి భాషకు దూరమగుటచేత అర్థమించుకయు నెరుగరని అతని ఆక్షేపణము. పరపాలకుడు చేసిన విమర్శ యని మనసు నొచ్చుకొన వచ్చునేమో గాని, అది నిజము. పుస్తకములో అర్థముండుట వేరు, అది బాలుని బుద్ధికి చేరుట వేరు. 1832లో పుదూరి సీతారామశాస్త్రి బాలశిక్షను రచించినప్పుడు చిన్న మాటలనుండి పెద్ద మాటలకు, మాటలనుండి వాక్యములకు మెట్లు కట్టిన కారణమును ఈ వెలితిలోనే వెదకవలెనని నా తలంపు.

రెండవ పాయ పారసీకమునుండి వచ్చినది. పాతనగరపు ముసల్మాను కుటుంబములలో బిడ్డకు నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములు నిండిన నాడు బిస్మిల్లా జరుపు వాడుక కలదు. మన అక్షరాభ్యాసము వంటిదే. ముల్తానీ మట్టి పూసి ఆరబెట్టిన కొయ్య తఖ్తీమీద రెల్లుకలముతో అలిఫ్ బే దిద్దిన పిమ్మట బాలునకు నిసాబు చెప్పెడివారు. 13వ శతాబ్దిలో అబూ నస్ర్ ఫరాహీ రచించిన నిసాబుస్సిబ్యాన్ అరబ్బీ మాటలకు పారసీకార్థములను పద్యములలో చెప్పు చిన్ని పుస్తకము. సిబ్యాన్ అనగా బాలురు. నిసాబ్ అనగా ముసల్మానుల విధిదానమైన జకాతును చెల్లింపవలసిన కనీస సంపద, వెండి నాణెములలో నైనచో 200 దిర్హములు. పుస్తకమునందలి బైతులును, అనగా రెండు పాదముల పద్యములును, 200. ఇవి నేర్చిన బాలుడు దానధర్మము చేయదగినంత సంపన్నుడైనాడని ఆ పేరులోని భావము. శబ్దసంపదను ధనముతో పోల్చి అంత చక్కని పేరు పెట్టిన బాలపుస్తకము వేరొకటి నేనెరుగను.

అదే అచ్చులో హిందూస్థానమున పుట్టినది ఖాలిక్ బారీ. ఇది అమీర్ ఖుస్రో కృతియని లోకమున ప్రసిద్ధి. కాదని వాదించిన పండితులును కలరు. కర్త ఎవరైనను, అరబ్బీ పారసీక పదములకు దేశభాషలో అర్థములు చెప్పు ఈ పద్యముల పుస్తకము కొన్ని వందల యేండ్లు పిల్లల నోళ్లలో ఆడినది. ఉర్దూ మహాకవి గాలిబ్ అంతటివాడు తన యింట పెరుగుచున్న పిల్లల కొరకు ఖాదిర్ నామా యను ఇట్టి పదముల పుస్తకమునే వ్రాసెను. అది 1856లో అచ్చైనది. మహాకవులు పసివాండ్ర వర్డ్ మీనింగ్స్ వ్రాయుట తక్కువతనమని తలపని కాలమది! హుస్సేనీ ఆలం, షాలీబండ పేటలలో తరతరములుగా నివసించిన కాయస్థ కుటుంబముల బాలురును మౌల్వీ సమీపమున కూర్చుండియే పారసీకము నేర్చిరి. ఆసఫ్ జాహీ నిజాముల దఫ్తరులలో కలము పట్టుటకు ఆ భాషయే ఆధారము గదా. 1884 ప్రాంతమున పారసీకము స్థానమున ఉర్దూ రాజభాషయైనను, మాటకు మాట చెప్పు ఆ అలవాటు మారలేదు. మారినది భాషల జత మాత్రమే.

ఇంగ్లీషు ఈ రెండు పాయల మీదికి వచ్చినది. 1917లో నిజాము ఫర్మానా మేరకు ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉర్దూ బోధనభాష. ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశము. శాస్త్రపదముల నిర్మాణమునకు వహీదుద్దీన్ సలీం 1921లో వజ్ఎ ఇస్తిలాహాత్ అను గ్రంథమును వ్రాసెను. నిజాం రాష్ట్రములోని ఔరంగాబాదునుండి మౌల్వీ అబ్దుల్ హక్ 1937లో ఇంగ్లీషు ఉర్దూ మహానిఘంటువును వెలువరించెను. పెద్దలకు పెద్ద నిఘంటువులు సమకూరినవి. కాని పాఠశాలలోని తెలుగు బాలుని అవస్థను ఎవ్వరును తగినంతగా పట్టించుకొనలేదు. బడిలో చదువు ఉర్దూ కనుక, ఇంగ్లీషు మాటకు అర్థము ఉర్దూలో చెప్పబడుచుండెను. ఆ ఉర్దూ మాటకు తెలుగర్థమును బాలుడు తనంత తాను వెదకికొనవలసి వచ్చెను. 'వాటర్' అనగా 'పానీ', పానీ యనగా నీళ్లు. ఇది వీథిలో దొరకు మాట కనుక గండము గడచును. 'జస్టిస్' అనగా 'అద్ల్' అని చెప్పినచో, ఆ అద్ల్ అనగా నేమో ఆ పసివాని కెవరు చెప్పుదురు? మెట్టు దిగి మెట్టు దిగి మాట ఇల్లు చేరులోపల అర్థము దారిలోనే చెదరిపోవుచుండెను. కాంబెల్ దొర వీథిబడి చదువును గూర్చి చెప్పిన దోషమే, వంద యేండ్లు గడచిన పిమ్మట, ఇంగ్లీషు పదముల పట్టికలో మరల తల యెత్తినది.

ఉర్దూ మాధ్యమపు బడిలోని పిల్లల మాటల పుస్తకము నొకదానిని తెరచి చూడుడు. పుటకు నడుమ స్కేలుతో పెన్సిలు గీత యొకటి నిలువుగా గీయబడియుండును. ఇంగ్లీషు మాట ఎడమ అంచునుండి బయలుదేరి కుడివైపునకు నడచును. ఉర్దూ అర్థము కుడి అంచునుండి బయలుదేరి ఎడమవైపునకు నడచును. రెండును ఎదురెదురుగా వచ్చి గీత దగ్గర కలిసికొనును. తెలుగు బాలుని పుస్తకములో ఈ దృశ్యము లేదు; మన అక్షరములు ఇంగ్లీషు నడచిన దిక్కుననే దాని వెనుక నడచును. ఉచ్చారణమునందును ఇట్టి తేడాయే కనబడుచున్నది. ఉర్దూ పిల్లవాడు మాటకు ముందు అచ్చు చేర్చి 'ఇస్కూల్' అనును. తెలుగు పిల్లవాడు మాటకు చివర అచ్చు చేర్చి 'స్కూలు' అనును. ఒకడు వాకిట మెట్టు కట్టినాడు, ఇంకొకడు పెరటి మెట్టు కట్టినాడు. పరభాషాపదము ఇద్దరి యింటిలోనికిని ఆ మెట్టుమీదుగనే వచ్చినది.

ఇంతకును ఆ పట్టికలో పరాయివని పిల్లలు జంకుచు వల్లించు మాటలలో కొన్ని నిజముగా పరాయివి కావు. లాడ్ బజారులో లక్కగాజుల కొలుముల దగ్గర ఆడుకొను బాలిక పుస్తకములో 'బాంగిల్' అను మాటను చూచి అర్థము వ్రాసికొనును. ఆ మాట 'బంగ్రీ' యను హిందుస్థానీ పదమునుండి ఇంగ్లీషులోనికి పోయినది. అనగా దాని పుట్టిల్లు మన దేశపు గాజుల అంగడియే. 'కాట్' అనగా మన ఇండ్లలోని ఖాట్, మంచము. 'పైజామా', 'బజార్', 'షర్బత్' అనువానికి ఆ పేటలో అర్థము చెప్పవలసిన పనియే లేదు. 'మినరెట్' అను పదము మనార అను అరబ్బీ మాటనుండి తురుష్కుల మీదుగా యూరపు చేరినది. చార్మినారును దినమునకు రెండుమార్లు చూచు పిల్లలకు అది పాఠమా? తెలుగువారము గర్వింపదగినదియు ఒకటి కలదు: ఇంగ్లీషువారి 'బాండికూట్' మన పందికొక్కే. 1886లో యూల్, బర్నెల్ అను ఇరువురు వెలువరించిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో ఇట్టి మాటలు కోకొల్లలు. పిల్లలకు మొదట నేర్పదగిన ఇంగ్లీషు మాటలివియేనని నా దృఢవిశ్వాసము. పరభాషలో ముందుగా తన వస్తువునే చూచిన పసివానికి భయము సగము తీరును.

భయము తీర్చుటకు వస్తువును చూపుటకు మించిన ఉపాయము లేదని 1658లోనే కొమీనియస్ అను చెక్ విద్యావేత్త గ్రహించెను. నూరెంబర్గులో అతడు ప్రకటించిన బొమ్మల పుస్తకములో వస్తువుల చిత్రములును, వాని క్రింద లాటిను, జర్మను పేర్లును ఉన్నవి. మన సంస్కృతములో 'పదార్థము' అను మాటకు పదముయొక్క అర్థమనియు, వస్తువనియు రెండు భావములు కలవు. మాటకు అర్థము వస్తువే యని మన పూర్వులు ఒక్క సమాసములో ఇమిడ్చినారు. ఆ దృష్టితో చూచినచో, 'అలిఫ్ సే అనార్' అని దానిమ్మపండుతో మొదలైన ఉర్దూ మొదటి వాచకమగు ఖాయిదాయు, అమ్మతోను ఆవుతోను మొదలైన మన తెలుగు వాచకమును దక్కను బాలునికి కన్నెదుట నున్న వస్తువులనే చూపినవి. ఇంగ్లీషు వాచకము ఆపిలుతో మొదలైనది. ఆపిలు మన నేలమీద సాధారణముగా పండునది కాదు. చలిదినములలో నగరపు వీథులనిండ గంపలకెత్తబడు సీతాఫలమునకు ఇంగ్లీషులో 'కస్టర్డ్ ఆపిల్' అను పేరున్నదని అదే పుటలో చెప్పియున్నచో ఎంత బాగుండెడిది!

2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. అంతకుముందే హుస్సేనీ ఆలం సందులలో ఇంగ్లీషు బడులు వెలసినవి. ఆ పేటలోని ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో చదువుచున్న యువతులలో ఎందరో ఇట్టి మాటల పట్టికలతోనే చదువు మొదలుపెట్టినవారు. పేదయింటి పిల్లలు ఇంగ్లీషు నేర్వవలదనువారితో నాకు పొత్తు లేదు. నేర్వవలయును, చక్కగా నేర్వవలయును. అయితే నూతనముగా వచ్చుచున్న పట్టికలలో ఇంగ్లీషు మాటకు అర్థము మరల ఇంగ్లీషులోనే ఇయ్యబడుచున్నది. 'బిగ్' అనగా 'లార్జ్' అట. రెండును తెలియని పసివానికి ఒకదానితో ఒకటి చెప్పుట, చీకటిని చీకటితో చూపుట కాదా? నిసాబు కర్తయు, గురుబాలప్రబోధిక కర్తయు ఈ పొరపాటు చేయలేదు; క్రొత్త మాటను బాలుడెరిగిన మాట ప్రక్కనే నిలిపిరి.

కనుక ఆ పేటలోను, ఇతర పేటలలోను చిన్నతరగతులకు ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయులను నేను వేడుకొనునది ఇంతే. పిల్లల పుస్తకములో గీత యొక్కటి కాదు, రెండు గీయించుడు. మొదటి గడిలో ఇంగ్లీషు మాట, రెండవ గడిలో మీరు చెప్పు అర్థము ఉండనిండు. మూడవ గడిని ఖాళీగా వదలి, అందులో వ్రాయవలసిన మాటను ఆ బిడ్డ తన యింట అమ్మనడిగి, ఉర్దూయో తెలుగో మరాఠీయో, ఏ మాట దొరకినచో ఆ మాటను మరునాడు తెచ్చుకొనునట్లు చేయుడు.