ప్రశ్నించాక నోటీసు వస్తే: చట్టం ఏం చూస్తుంది?

హోట్గి రోడ్‌లో పవర్‌లూమ్ కార్ఖానా నడిపే ఒకాయన, నీళ్లు సరిగా రావడం లేదని వాట్సాప్ గ్రూపులో అధికారులను విమర్శించారనుకుందాం. వారం తిరక్కుండానే షెడ్డు కూల్చేస్తామని నోటీసు వచ్చింది. ఇది నిజంగా నిబంధన తప్పినందుకా, లేక నోరు మూయించడానికా? మన దేశంలో 'ప్రతీకార చర్య' పేరుతో ప్రత్యేక చట్టం లేదు. అయినా కోర్టులు ముఖ్యంగా మూడు విషయాలు చూస్తాయి.

1. ఆ మాటకు రక్షణ ఉందా?
రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం వాక్ స్వేచ్ఛ ఇస్తుంది. శాంతిభద్రతలు, పరువునష్టం వంటి 19(2)లో చెప్పిన కారణాలకే పరిమితి విధించవచ్చు. ప్రభుత్వాన్ని విమర్శించడం ఆ కారణాల్లో లేదు. కొల్హాపూర్ జిల్లాలో ఒక అధ్యాపకుడు 370వ అధికరణం రద్దును విమర్శిస్తూ వాట్సాప్ స్టేటస్ పెట్టినందుకు పోలీసులు కేసు పెట్టారు. 2024 మార్చి 7న సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. ప్రతి మాటలో ప్రమాదం చూసే బలహీనుల దృష్టితో కాదు, నిబ్బరం గల మామూలు మనిషి దృష్టితో చూడాలంది.

2. అధికారాన్ని దేనికి వాడారు?
ఢిల్లీలోని ఎక్స్‌ప్రెస్ భవనం లీజు రద్దు, కూల్చివేత నోటీసులను సుప్రీంకోర్టు 1985 అక్టోబర్ 7న రద్దు చేసింది. ఆ చర్య వెనుక దురుద్దేశం ఉందని జస్టిస్ ఎ.పి. సేన్ తేల్చారు. అయితే దురుద్దేశాన్ని రుజువు చేయాల్సిన భారం ఆరోపించినవారిదే. అది చిన్న భారం కాదు.

3. పద్ధతి పాటించారా?
2024 నవంబర్ 13 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కూల్చివేతకు ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి, వాదన వినాలి. రోడ్డు, ఫుట్‌పాత్ వంటి బహిరంగ స్థలాల్లోని అక్రమ కట్టడాలకు ఈ రక్షణ లేదు.

మనం చేయాల్సింది
మీరు పెట్టిన పోస్టు, నోటీసు, అది అందిన తేదీ భద్రంగా ఉంచుకోండి. అదే తప్పున్న పక్క షెడ్లకు నోటీసులు రాకపోతే ఆ సంగతీ రాసిపెట్టుకోండి. గడువులోగా జవాబిచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. 350వ అధికరణం ప్రకారం అధికారులకు విన్నపం తెలుగులోనూ ఇవ్వవచ్చు. హైకోర్టుకు వెళ్లాల్సి వస్తే ముంబై దాకా పోనక్కర్లేదు. 2025 ఆగస్టు 18 నుంచి సోలాపూర్ జిల్లా కేసులు కొల్హాపూర్ సర్క్యూట్ బెంచ్ పరిధిలోకి వచ్చాయి.