పౌను గింజల లెక్క

1877 ఫిబ్రవరి తొలి రోజులు. బళ్లారి సీమలో ఒక రోడ్డు పని. పొద్దు వాలింది. పొద్దుటి నుంచి కంకర కొట్టినవాళ్లు, మట్టి తట్టలు మోసినవాళ్లు కూలి కోసం వరస కట్టారు. ఆ ఏడు ధాత నామ సంవత్సరం. వానాకాలం వానలూ లేవు, వెనక వానలూ లేవు. నల్లరేగడి నెర్రెలు విచ్చింది. జొన్న, కొర్ర వేసిన చేను వేసినట్టే ఎండింది. దత్తమండలాల్లో ఇల్లూ వాకిలీ వదిలి జనం కరువు పనులకి చేరుకున్నారు.

వరసలో ఒకామె వంతు వచ్చింది. చేతిలో పడ్డ డబ్బుల్ని రెండుసార్లు లెక్కపెట్టుకుంది.

"ఏందన్నా, తగ్గినాయే?"

"పైనుంచి పెద్ద దొర వచ్చినాడంట అమ్మీ. ఇంగ ఇంతే."

"దీనికి గింజలేమొస్తాయి? ఇంటికాడ ముసలోళ్లుండారు."

"నాకు చెప్తే ఏం లాభం? జరుగు, ఎనకాల జనముండారు."

ఈ మాటలు ఏ రికార్డులోనూ లేవు. ఆ రోజుల్లో కరువు కూలి అందుకున్న లక్షల మంది ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాసిపెట్టింది వాళ్ల తిండి తూకాన్ని. ఆ తూకం చుట్టూ ఇద్దరు ఇంగ్లీషు అధికారుల మధ్య నడిచిన వాదం ఆధారంగా అల్లిన సన్నివేశమిది. ఆ ఇద్దరి పేర్లు, వాళ్లు ప్రతిపాదించిన కొలతలు మాత్రం కాగితాల్లో భద్రంగా ఉన్నాయి.

పైనుంచి వచ్చిన దొర సర్ రిచర్డ్ టెంపుల్. విక్టోరియా రాణిని భారత చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయ్ లిట్టన్ ఆ ఏడాది జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిపాడు. ఆ నెలలోనే కరువు ప్రతినిధిగా టెంపుల్‌ని మద్రాసు ప్రెసిడెన్సీకి పంపాడు. మద్రాసు ప్రభుత్వం చేతికి ఎముక లేకుండా ఖర్చు పెడుతోందని కలకత్తాలోని వైస్రాయ్ ప్రభుత్వానికి అనుమానం. ఖర్చుకి కళ్లెం వేయడమే టెంపుల్‌కి అప్పగించిన పని.

టెంపుల్‌ని కేవలం కఠినాత్ముడిగా చూపి వదిలేస్తే కథ సగమే తెలుస్తుంది. అంతకు మూడేళ్ల ముందు, 1873-74లో, బీహార్ కరువుని ఎదుర్కొన్నది ఈయనే. బర్మా నుంచి ఓడల మీద లక్షల టన్నుల బియ్యం తెప్పించాడు. కరువు చావులు దాదాపు లేకుండా గడిచిన కరువది. అందుకు ఆయనకి దక్కిన బహుమానం చీవాట్లు. ఖజానా ఖాళీ చేశాడనీ, సోమరితనం నేర్పాడనీ లండన్ పత్రికలు విరుచుకుపడ్డాయి. ప్రాణాలు కాపాడినందుకు మాట పడ్డ మనిషి, మూడేళ్లకి మద్రాసులో రైలు దిగేసరికి మారిపోయి వచ్చాడు. ఈసారి తన పొదుపుని లోకానికి చూపించుకోవాలి.

ఆయన జిల్లాలన్నీ వేగంగా తిరిగాడు. పనుల మీదున్న జనం ఆయన కంటికి పుష్టిగానే కనిపించారు. అవసరం లేనివాళ్లు కూడా చేరిపోయారని తేల్చాడు. పేర్లు కొట్టేశారు. ఇంటికి పది మైళ్ల లోపు పని ఇవ్వకూడదన్న నిబంధన వచ్చింది. నిజంగా గతిలేనివాడైతే ఎంత దూరమైనా నడిచి వస్తాడన్నది దాని వెనకున్న తర్కం. నడవలేకపోయినవాడు ఏ లెక్కలోకీ రాడు.

అన్నిటికన్నా లోతుగా దిగిన గాయం కూలి తగ్గింపు. రోజంతా ఒళ్లు హూనమయ్యేలా పని చేసిన మగవాడికి ఒక పౌను గింజల వెల, పైన ఉప్పు పప్పులకి కొద్దిపాటి చిల్లర. ఆడవాళ్లకి, పిల్లలకి ఇంకా తక్కువ. పౌను అంటే పదహారు ఔన్సులు. మన లెక్కలో సుమారు 450 గ్రాములు. ప్రాణం నిలబడటానికి సరిపడే అతి తక్కువ డబ్బు ఎంత? టెంపుల్ వేసుకున్న ప్రశ్న అది. ఆ ప్రశ్నకి జవాబు పౌను. చరిత్రలో దానికి టెంపుల్ కూలి అని పేరు నిలిచిపోయింది.

ఆ జవాబుని ఒప్పుకోనివాడు డాక్టర్ విలియం రాబర్ట్ కార్నిష్, మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్. దక్షిణాదిలో జనం ఏం తింటారో, ఎంత తింటారో ఏళ్ల తరబడి పరిశీలించిన వైద్యుడు. 1871లో ప్రెసిడెన్సీ జనాభా లెక్కల నివేదిక రాసింది కూడా ఈయనే. టెంపుల్ ఖజానా పద్దుల వైపు నుంచి లెక్క మొదలుపెడితే, కార్నిష్ మనిషి ఒంటి వైపు నుంచి మొదలుపెట్టాడు. రాళ్లు కొట్టేవాడి కండ ప్రతిరోజూ అరుగుతుంది. వట్టి గింజ ఆ అరుగుదలని పూడ్చలేదు. పప్పు కావాలి, కూరాకు కావాలి. పనికి చేరేనాటికే సగం చిక్కిపోయి వచ్చేవాళ్లకి ఇంకా ఎక్కువ కావాలి. కనీసం ఒకటిన్నర పౌన్ల గింజలు, దాని మీద పప్పు, కూరగాయలు ఇవ్వాల్సిందేనని పట్టుబట్టాడు. పౌనుతో జనం వెంటనే చావరు, మెల్లగా చస్తారు అన్నది ఆయన హెచ్చరిక సారాంశం. మెల్లగా వచ్చే చావు విరేచనాల పేరుతో, జ్వరం పేరుతో రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఆకలి పేరు అక్కడ కనపడదు.

ఈ వాదానికి ముందు ఏడాదే బొంబాయిలో ఒక పార్సీ పెద్దమనిషి వేరే దారిన ఇదే లెక్క వేశాడు. దాదాభాయి నౌరోజీ 1876లో ఈస్టిండియా అసోసియేషన్ బొంబాయి శాఖ ముందు భారతదేశపు పేదరికం మీద తన పత్రం చదివాడు. ప్రభుత్వ నివేదికల్లోని పంటల లెక్కలే తీసుకుని, మనిషికి ఏటా ఎంత ఉత్పత్తి వస్తోందో కట్టాడు. దేశం మొత్తానికి సగటున ఇరవై రూపాయలు తేలింది. మద్రాసు ప్రెసిడెన్సీకి పద్దెనిమిది.

మరి బతకడానికి ఎంత కావాలి? నౌరోజీ తన సొంత అంచనా మీద ఆధారపడలేదు. సర్కారు తన కాగితాల్లోనే ఒప్పుకున్న అంకెల్ని తీసి సర్కారు ముందు పెట్టాడు. జైల్లో ఖైదీ తిండికి, బట్టకి, పక్కకి అవుతున్న ఖర్చు చూశాడు. మద్రాసు ప్రెసిడెన్సీ జైళ్లలో అది ఏడాదికి రూ.53 పైమాట. అంటే బయట నేరం చేయకుండా బతుకుతున్న రైతు వాటాకి వచ్చేది, లోపల ఖైదీకి అయ్యే ఖర్చులో సుమారు మూడో వంతు. ఇక్కడితో ఆగలేదు. సముద్రాల అవతలి తోటలకి వలస కూలీలుగా ఓడలెక్కేవాళ్లకి ప్రభుత్వ వైద్యాధికారి రాసిచ్చిన భత్యాన్ని కూడా చూపించాడు. రోజుకి ఇరవై ఔన్సుల బియ్యం, ఆరు ఔన్సుల పప్పు, ఆ పైన మాంసం, కూర, నెయ్యి, నూనె, ఉప్పు. ఇది ఓడలో పని లేకుండా కూర్చున్న మనిషికి కావలసిన తిండి.

ఓడలో ఊరికే కూర్చుంటే ఇరవై ఔన్సుల బియ్యం. బళ్లారి రోడ్డు మీద ఎండలో కంకర కొడితే పదహారు. రెండూ ఒకే సామ్రాజ్యపు కాగితాలు. రెండు తూకాల్నీ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పుడు నాకు అర్థమైంది ఒకటే. మనిషికి ఎంత తిండి కావాలో సర్కారుకి తెలియక కాదు. తోటలో ఒప్పంద కాలమంతా పనికొచ్చే శరీరాన్ని గట్టిగా దించాలనుకుంది. కరువు కూలీ శరీరంతో వానలు పడేదాకానే పని.

పౌను కూలి మీద నిరసన కూడా లేచింది. బొంబాయి ప్రెసిడెన్సీలో వేలాది కూలీలు ఆ కూలికి పని చేయబోమని పనులు వదిలేసి వెళ్లిపోయారు. మద్రాసులో కార్నిష్ రాతలు ఫలించి 1877 మార్చిలో ప్రభుత్వం సగం దూరం దిగివచ్చింది. ఇరవై ఔన్సుల గింజలు, ఒకటిన్నర ఔన్సు పప్పు ఇచ్చేట్టు మార్చింది. ఆ తర్వాత టెంపుల్ బొంబాయి గవర్నరుగా వెళ్లాడు. ఆ ఏడాదీ వానలు సెప్టెంబరు దాకా ముఖం చాటేశాయి. వచ్చిన వానలు మలేరియాని వెంటబెట్టుకొచ్చాయి. ఆకలికి గుల్లబారిన ఒళ్లు జ్వరానికి నిలబడలేదు. బ్రిటిష్ పాలిత ప్రాంతాల్లో ఆ కరువు మృతులు 55 లక్షలని ఒక అంచనా. అంతకన్నా చాలా ఎక్కువన్న అంచనాలూ ఉన్నాయి. 1871కీ 1881కీ మధ్య కర్నూలు జిల్లా జనాభాలో సుమారు నాలుగో వంతు తరిగిపోయింది. కార్నిష్ చెప్పిన మెల్లని చావుని జనాభా లెక్క పదేళ్లకి తేల్చి చూపించింది.

స్వాతంత్య్రం వచ్చాక పాలకులు మారారు. టెంపుల్ ప్రశ్న మాత్రం వేషం మార్చుకుని ఫైళ్లలో ఉండిపోయింది. 1962లో నిపుణుల బృందమొకటి మనిషికి నెలకి ఇరవై రూపాయలు కనీసమంది. చదువు, వైద్యం ప్రభుత్వమే చూసుకుంటుందని ఆ ఖర్చుల్ని వదిలేశారు. ఆ హామీ నెరవేరకపోయినా పేదరికపు గీత మాత్రం అక్కడే నిలిచింది. 1971లో ఆర్థికవేత్తలు దండేకర్, రథ్ మనిషికి రోజుకి 2,250 కేలరీల కొలత పెట్టారు. 1979లో అలఘ్ బృందం పల్లెకి 2,400, పట్నానికి 2,100 అంది. 2011లో ప్రణాళికా సంఘం పట్నంలో రోజుకి రూ.32, పల్లెలో రూ.26 అంటూ సుప్రీంకోర్టుకి అఫిడవిట్ ఇచ్చినప్పుడు దేశం మండిపడింది. 2014లో రంగరాజన్ కమిటీ వాటిని రూ.47కి, రూ.32కి పెంచింది.

ఈ ఆర్థికవేత్తలెవరూ పేదల శత్రువులు కారు. వాళ్లలో చాలామంది పేదరికాన్ని దేశం కళ్ల ముందు పెట్టడానికే ఆ గీతలు గీశారు. గీత లేకపోతే ఎంతమంది దాని కింద ఉన్నారో అడిగే హక్కు కూడా మనకి ఉండేది కాదు. నా అభ్యంతరం గీతని వాడుకున్న తీరు మీద. జనాన్ని లెక్కించడానికి గీసిన గీత, రేషన్ కార్డు ఎవరికి ఇవ్వకూడదో చెప్పే గీతగా మారింది. కరువు పనిలో పేర్లు కొట్టేసిన పద్ధతే అది.

కార్నిష్ ప్రశ్న వేరు. ఎంత ఖర్చు పెట్టారని కాదు, ఒళ్లు ఎలా ఉందని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నని ఇప్పుడు అడుగుతున్నది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ఇంటింటికీ వెళ్లి పిల్లల ఎత్తు కొలుస్తుంది, బరువు తూస్తుంది, 2019-21 విడతలో వేలి మీద నెత్తురు చుక్క తీసి రక్తహీనత కూడా చూసింది. ఆ సర్వే ఆధారంగానే నీతి ఆయోగ్ పోషకాహారం, చదువు, వంట చెరకు, మరుగుదొడ్డి, తాగునీరు వంటి 12 సూచికలతో బహుముఖ పేదరికాన్ని లెక్కకట్టింది. 2015-16లో 24.85 శాతం ఉన్న ఈ పేదరికం 2019-21 నాటికి 14.96 శాతానికి తగ్గిందని చెప్పింది. ఆ తగ్గుదలని తేలిగ్గా తీసిపారేయకూడదు.

కానీ అదే 2019-21 సర్వేలో ఇంకో అంకె ఉంది. దేశంలో ఐదేళ్ల లోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకి తగ్గ ఎత్తు ఎదగలేదు. ఏళ్ల తరబడి చాలీచాలని తిండితో, పదే పదే వచ్చే జబ్బులతో పెరిగిన పిల్లల గుర్తు అది. ఈసారి పేదరికం ఇంత శాతం తగ్గిందన్న వార్త పేపర్లో చదివినప్పుడు, దాని పక్కనే ఈ రెండో అంకె ఎక్కడుందో వెతకండి. లేకపోతే అడగండి.