శ్వాస విశ్లేషణ

శ్వాస విశ్లేషణ అనగా మనిషి బయటకు వదిలే గాలిలోని పదార్థాలను కొలిచి, వాటి ఆధారంగా వ్యాధులను గుర్తించే వైద్య పరీక్షా పద్ధతి. సూది గుచ్చనవసరం లేకపోవడం, ఎన్నిసార్లైనా చేయగలగడం దీని ముఖ్య సౌలభ్యాలు. పరికరం నుండి వచ్చిన కొలతలను కంప్యూటరు పరిశీలించి ఫలితాన్ని నిర్ణయించే విధానాన్ని స్వయంచాలిత శ్వాస విశ్లేషణ అంటారు.

శ్వాసలోని పదార్థాలు

బయటకు వదిలే గాలిలో అధిక భాగం నత్రజని. ఆమ్లజని సుమారు 16 శాతం, బొగ్గుపులుసు వాయువు సుమారు 4 శాతం ఉంటాయి. వీటితో పాటు నీటి ఆవిరి, అతి స్వల్ప మోతాదులో వందలాది ఇతర పదార్థాలు కూడా ఉంటాయి. రక్తంలోని తేలికగా ఆవిరయ్యే పదార్థాలు ఊపిరితిత్తులలోని గాలి తిత్తుల పలుచని గోడలను దాటి శ్వాసలో కలుస్తాయి. ఉదాహరణకు, ఇన్సులిన్ బాగా లోపించిన మధుమేహ రోగి శరీరం శక్తి కొరకు కొవ్వును వాడుకుంటుంది. అప్పుడు ఏర్పడే అసిటోన్ వలన శ్వాస పండ్ల వాసన వేస్తుంది.

చరిత్ర

రోగి శ్వాస వాసనను బట్టి వ్యాధిని ఊహించడం ప్రాచీన వైద్యులకు తెలిసినదే. 1954లో అమెరికాకు చెందిన రాబర్ట్ బోర్కెన్‌స్టీన్, మద్యం సేవించినవారిని గుర్తించే బ్రెతలైజర్‌ను రూపొందించాడు. 1971లో లైనస్ పౌలింగ్, అతని సహచరులు శ్వాసలో సుమారు 250 పదార్థాలు ఉన్నట్లు గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా చూపారు. 1982లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన కృష్ణ పెర్సాడ్, జార్జ్ డాడ్ ఎలక్ట్రానిక్ ముక్కు నమూనాను వివరించారు.

విధానాలు

మొదటి విధానంలో ఒకే పదార్థాన్ని కొలుస్తారు. జీర్ణాశయ పుండ్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియాను గుర్తించే యూరియా శ్వాస పరీక్ష ఇందుకు ఉదాహరణ. రోగికి కార్బన్-13 గల యూరియాను ఇస్తారు. బాక్టీరియా ఉన్నట్లయితే దాని ఎంజైము యూరియాను విడగొడుతుంది, కార్బన్-13 గల బొగ్గుపులుసు వాయువు శ్వాసలో కనిపిస్తుంది. ఉబ్బసంలో వాయునాళాల వాపును తెలుసుకొనుటకు నైట్రిక్ ఆక్సైడును కొలుస్తారు. ఇందుకు వాడే పరికరానికి అమెరికాలో 2003లో అనుమతి లభించింది.

రెండవ విధానంలో అనేక పదార్థాలను ఒకేసారి కొలిచి, వాటి మొత్తం అమరికను పరిశీలిస్తారు. రోగుల, ఆరోగ్యవంతుల కొలతలను ముందుగా కంప్యూటరుకు ఇచ్చి, రెంటి మధ్య భేదాన్ని నేర్పుతారు. ఊపిరితిత్తుల క్యాన్సర్, క్షయ వంటి వ్యాధుల విషయంలో ఈ దిశగా పరిశోధనలు జరిగాయి.

పరిమితులు

మొదటి విధానంలో కొలిచే పదార్థానికి, వ్యాధికి గల సంబంధం ముందే తెలుసు. రెండవ విధానంలో కంప్యూటరు దేనిని చూసి నిర్ణయించిందో స్పష్టంగా తెలియకపోవచ్చు. ఆహారం, ధూమపానం, మందులు, గదిలోని గాలి కూడా కొలతలను మారుస్తాయి. రోగుల నమూనాలను ఆసుపత్రిలోనూ, ఆరోగ్యవంతుల నమూనాలను వేరొక చోటా సేకరించినట్లయితే, కంప్యూటరు వ్యాధికి బదులు ఆసుపత్రి గాలిని గుర్తించడం నేర్చుకోవచ్చు. అందువలన వేరే ప్రాంతంలోని కొత్త వ్యక్తులపై మరల పరీక్షించడం తప్పనిసరి.

వ్యాధి అరుదుగా ఉన్నచోట మంచి పరీక్ష కూడా పొరబడవచ్చు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో అత్యవసర అనుమతి పొందిన కోవిడ్-19 శ్వాస పరీక్షను 2,409 మందిపై పరిశీలించారు. అది వ్యాధి ఉన్నవారిలో 91.2 శాతం మందిని, లేనివారిలో 99.3 శాతం మందిని సరిగా గుర్తించింది. ఇదే లెక్కన, వెయ్యి మందిలో పదిమందికే వ్యాధి ఉంటే, సుమారు 9 మంది రోగులు పట్టుబడతారు, సుమారు 7 మంది ఆరోగ్యవంతులు కూడా రోగులుగా తేలుతారు. ఈ కారణం చేతనే, వ్యాధి ఉన్నట్లు తేలినవారికి మరొక పరీక్షతో నిర్ధారణ చేయాలని ఆ అనుమతిలో సూచించారు.