నల్ల టోపీ: అవసరం నుంచి గౌరవ చిహ్నం వరకు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాలు 1948 వరకు నిజాం రాజ్యంలో ఉండేవని మీరు చదివారు. ఆ రాజ్యపు అశ్వికదళంగా 1790లో మొదలైనదే నేటి దక్కన్ హార్స్ ట్యాంకు రెజిమెంటు. 1916 జులై 14న ఫ్రాన్స్‌లోని హైవుడ్ వద్ద ఈ రౌతులు బల్లేలతో దాడి చేశారు. గుర్రాల స్థానంలో ట్యాంకులు వచ్చాక, ట్యాంకు సైనికుల నల్ల బెరే టోపీ వీరికీ గుర్తు అయింది.

1924లో బ్రిటిష్ ట్యాంకు దళం ఈ టోపీని ఎంచుకోవడానికి గల కారణాలను గమనించండి: అంచు లేనందున ఇరుకు ట్యాంకులో అడ్డురాదు, నల్లరంగుపై నూనె మరకలు కనబడవు. అవసరానికి పుట్టిన ఆ టోపీకి గౌరవం తెచ్చింది గుడ్డ కాదు, 1965లో అసల్ ఉత్తర్ వంటి పోరాటాలు. కాబట్టి ఏ చిహ్నాన్ని అధ్యయనం చేసినా దాని పుట్టుకను, తర్వాత అది పొందిన అర్థాన్ని వేరువేరుగా పరిశీలించాలి.