నిర్మల్ కొయ్యబొమ్మ, నీళ్లలో పసుపు బాతు: పిల్లల స్నానం బొమ్మల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ పిల్లల స్నానం బొమ్మల గురించి. చరిత్ర చానల్లో ఇదేం టాపిక్ అనుకోకండి. రెండు ప్రశ్నలు మన ఇళ్లల్లో తరచుగా వస్తాయి. ఒకటి, పసిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు ఏ బొమ్మ ఇస్తే మంచిది? రెండు, ప్లాస్టిక్ ఎందుకు, మన నిర్మల్ కొయ్యబొమ్మ ఇవ్వొచ్చు కదా? ఈ రెండింటికీ జవాబు చరిత్రలోనే ఉంది. ఒక్కో మెట్టు దిగుకుంటూ పోదాం.

ముందు మన దగ్గర పాతకాలం పిల్లల స్నానం ఎట్లా ఉండేదో చూద్దాం. కరీంనగర్ అయినా ఆదిలాబాద్ అయినా "పిల్లకు నీళ్లు పోసుడు" అంటే పెద్ద పని. అమ్మమ్మనో నాయినమ్మనో పీట మీద కూర్చొని, రెండు కాళ్లు చాపి, ఆ కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టేది. నూనె, నలుగుపిండి, కాగులో కాగిన నీళ్లు, ఆఖరికి సాంబ్రాణి పొగ. ఇందులో ఒక్క విషయం గమనించండి. నీళ్లు పిల్ల మీద నుంచి జారి పోతాయి. ఎక్కడా నిలవవు. పిల్ల నీళ్లలో కూర్చోదు, నీళ్లే పిల్ల మీదికి వస్తాయి. పోసేవాళ్ల రెండు చేతులూ, రెండు కళ్లూ పిల్ల మీదే ఉంటాయి.

అందుకే మన దగ్గర స్నానం బొమ్మ అనేది పుట్టలేదు. బొమ్మలు చేసేవాళ్లు లేక కాదు, తేలడానికి నిలవ నీళ్లు లేక. నీళ్లలో ఆట కొంచెం ఎదిగిన పిల్లలది, అదీ ఇంటి బయట. వానకాలం కాగితం పడవలు, వ్యవసాయ బావిలో ఈత నేర్చుకునేటప్పుడు నడుముకు కట్టుకునే బెండు, ఎండిన సొరకాయ బుర్ర. తేలే వస్తువు ఏదో, మునిగేది ఏదో మనోళ్లకు బాగా తెలుసు.

ఇప్పుడు నిర్మల్ కు వద్దాం. 2016 అక్టోబర్ దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత తనే ఒక జిల్లా అయిన ఊరు. 17వ శతాబ్దంలో నిమ్మనాయుడు అనే పాలకుడు కళాకారులను చేరదీశాడని, ఆయన పేరు మీదనే ఊరికి ఈ పేరు వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. బొమ్మలు చేసేది నకాషీ కళాకారులు. వాడే కట్టె పొణికి. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తన, చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లి బొమ్మలకూ ఇదే కట్టె.

తయారీ వినండి, మన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. కట్టెను ముక్కలుగా చెక్కుతారు. పక్షికి తల వేరు, రెక్క వేరు. వాటిని చింతగింజల జిగురుతో అతికిస్తారు. అదే జిగురులో కట్టెపొట్టు కలిపి అతుకులు పూడుస్తారు. పైన సుద్ద పూత వేసి, ఆరినాక రంగు వేస్తారు. పండ్లు, కూరగాయలు, పక్షులు, జంతువులు అచ్చం నిజమైనవాటి లెక్కనే ఉంటాయి.

చింతగింజ జిగురు పొడిగా ఉన్నన్ని రోజులు గట్టిగా పట్టుకుంటది. నీళ్లలో నానితే వదిలేస్తది. సుద్ద పూత ఉబ్బి పెచ్చులు లేస్తది. పొణికి నీళ్లు పీల్చుకుంటది. అంటే నిర్మల్ బొమ్మను స్నానం తొట్టిలో వేస్తే అది తేలుతది, కానీ కొన్ని స్నానాలకే రంగు పెచ్చులు పిల్లల నోట్లోకి, అతుకు ఊడిన ముక్క పిల్లల చేతిలోకి వస్తాయి. ఇది బొమ్మ తప్పు కాదు. ఆ కళ అరమీద పెట్టుకునే బొమ్మ కోసం పుట్టింది, నీళ్ల కోసం కాదు.

"పాతకాలంలో సహజ రంగులు వాడేవాళ్లు కదా, అవి మంచివే కదా" అని కొందరు అంటారు. ఇక్కడ జాగ్రత్త. మన దేశపు పాత చిత్రకళలో ఎరుపు కోసం వాడిన ఇంగిలీకంలో పాదరసం ఉంటది. పసుపు కోసం వాడిన హరిదళంలో ఆర్సెనిక్ ఉంటది. తెలుపు కోసం సీసపు తెల్లసుద్ద కూడా చాలా దేశాల్లో వాడారు. మూడూ విషాలే. నేలలో దొరికింది అన్నంత మాత్రాన నోట్లో పెట్టుకోవచ్చని కాదు. ఇప్పుడు నిర్మల్ లో ఎక్కువగా వాడేది దుకాణంలో కొనే ఎనామిల్ రంగులు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం మిలియన్ కు 90 భాగాలు మించకూడదని 2016లో నియమం చేశారు, 2017 నవంబర్ నుంచి అమలులోకి వచ్చింది. కాబట్టి అడగాల్సింది సహజమా కాదా అని కాదు. ఏ రంగు, అందులో సీసం ఉందా లేదా అని.

ఇక పసుపు బాతు సంగతి. ఈ కథ రబ్బరుతో మొదలవుతది. ఉట్టి రబ్బరు ఎండకు జిగటగా, చలికి పెళుసుగా అయ్యేది. దాంట్లో గంధకం కలిపి వేడి చేస్తే నిలకడగా ఉంటదని చార్లెస్ గుడ్ ఇయర్ కనిపెట్టి, 1844లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. ఆ తర్వాత రబ్బరు బొమ్మలు వచ్చాయి. 1940ల్లో పీటర్ గనీన్ అనే శిల్పి ఎటు తిప్పినా నిటారుగా తేలే బాతును తయారు చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత రబ్బరు స్థానంలో వినైల్ ప్లాస్టిక్ వచ్చింది. పేరు ఇంకా "రబ్బరు బాతు"నే, లోపల మాత్రం రబ్బరు లేదు.

ఒక ఆసక్తికరమైన సంఘటన చెప్తాను. 1992 జనవరిలో హాంకాంగ్ నుంచి అమెరికా పోతున్న ఓడ నుంచి పసిఫిక్ సముద్రంలో కంటైనర్లు పడిపోయాయి. ఒక దాంట్లో 28,800 స్నానం బొమ్మలు ఉన్నాయి. పసుపు బాతులు, ఆకుపచ్చ కప్పలు, నీలం తాబేళ్లు, ఎర్ర బీవర్లు. అదే ఏడాది నవంబర్ లో అవి అలాస్కాలోని సిట్కా ఒడ్డుకు కొట్టుకురావడం మొదలైంది. కర్టిస్ ఎబ్స్ మేయర్ అనే సముద్ర శాస్త్రవేత్త వాటి దారిని బట్టి సముద్ర ప్రవాహాలను లెక్క కట్టాడు. అన్నేళ్లు ఎట్లా తేలాయి? వాటికి చిల్లు లేదు. నీళ్లు లోపలికి పోలేదు. అంతే.

ఈ చిల్లు గురించే ఇప్పుడు మాట్లాడాలి. ఒత్తితే కీచుమనాలని, నీళ్లు చిమ్మాలని చాలా బొమ్మలకు అడుగున చిల్లు పెడతారు. పిల్లలకు అదే సంబరం. కానీ లోపలికి పోయిన నీళ్లు పూర్తిగా బయటికి రావు. 2018లో స్విట్జర్లాండ్ లోని ఇయావాగ్ సంస్థ, అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇళ్లలో వాడిన స్నానం బొమ్మలు తెచ్చి కోసి చూశారు. లోపలి గోడల మీద చదరపు సెంటీమీటరుకు 50 లక్షల నుంచి 7.5 కోట్ల దాకా సూక్ష్మజీవుల కణాలు. 80 శాతం బొమ్మల్లో జబ్బు చేయగల రకాలు, లెజియోనెల్లా, సూడోమోనాస్ వంటివి కనిపించాయి. కారణం కూడా చెప్పారు. మెత్తటి ప్లాస్టిక్ నుంచి ఊరే కర్బనం, సబ్బు, ఒంటి మీది మురికి కలిసి వాటికి తిండి అవుతాయి. దీనికి హడలిపోవద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఇట్లాంటివి చాలావాటిని తట్టుకుంటారు. కానీ ఆ నీళ్లు నేరుగా కంట్లోకి, నోట్లోకి చిమ్మించుకోవడం మాత్రం మంచిది కాదు.

రెండో సంగతి ఆ మెత్తదనం. వినైల్ అసలు గట్టి పదార్థం. దాన్ని మెత్తగా చేయడానికి థాలేట్లు అనే రసాయనాలు కలుపుతారు. పిల్లలు చప్పరిస్తే అవి బయటికి వస్తాయి. యూరప్ 1999లో తాత్కాలికంగా, 2005లో శాశ్వతంగా పిల్లల బొమ్మల్లో కొన్ని థాలేట్లను ఆపింది. అమెరికా 2008లో చట్టం చేసింది. మన దేశం 2009 జనవరిలో చైనా బొమ్మల దిగుమతి ఆపి, మార్చిలో పరీక్షలు దాటినవాటికే అనుమతి ఇచ్చింది. అసలు మార్పు 2020 నాటి నాణ్యతా ఉత్తర్వుతో వచ్చింది. 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.

అయితే ఇందులో మన నిర్మల్ కు సంబంధించిన ముక్క ఒకటి ఉంది. హస్తకళల శాఖలో నమోదైన చేతివృత్తివాళ్ల బొమ్మలకు, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఇచ్చారు. నిర్మల్ బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. ఇది న్యాయమే. చేతితో చెక్కుకునే ఇంటికి ల్యాబ్ ఖర్చులు పెట్టిస్తే ఆ కళ అక్కడే ఆగిపోతది. ఇప్పటికే అడవుల్లో పొణికి తగ్గి కట్టె దొరకడం కష్టమైంది, ఈ పని చేసే కుటుంబాలు తగ్గుతున్నాయి. కానీ మినహాయింపు అంటే "పరీక్ష చేసి బాగుందన్నారు" అని కాదు, "పరీక్ష అడగలేదు" అని. అందుకే కొనేటప్పుడు మనమే అడగాలి. "అన్నా, ఇది పిల్లలు నోట్లో పెట్టుకునేదేనా, ఏ రంగు వేశారు?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. అరమీద పెట్టే బొమ్మనా, ఆడుకునే బొమ్మనా అన్నది చేసినవాళ్లకంటే బాగా ఎవరికి తెలుస్తది?

ఇప్పుడు అసలు పనికొచ్చే మాటలు. కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర కొన్నా, వేములవాడ గుడి దగ్గర కొన్నా, నాగోబా జాతరలో కొన్నా ఇవి చూడండి.

మొదటిది, ఐఎస్ఐ గుర్తు, దాని కింద లైసెన్స్ నంబర్. ఆ నంబర్ నిజమో కాదో బీఐఎస్ కేర్ యాప్ లో కొట్టి చూడొచ్చు.

రెండోది, చిల్లు. నీళ్లలో ముంచి ఒత్తండి. బుడగలు వస్తే లోపల నీళ్లు నిలుస్తాయి. చిల్లు లేనిది, లేదా రెండుగా విప్పి కడిగి ఆరబెట్టగలిగేది తీసుకోండి.

మూడోది, సైజు. బొమ్మల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న గొట్టం వాడతారు, పసిపిల్లల గొంతు లెక్కన. అందులో పూర్తిగా దిగిపోయే వస్తువు 3 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వొద్దు. మన 10 రూపాయల బిళ్ల వెడల్పు 27 మిల్లీమీటర్లు, దానికంటే కొంచెం పెద్దదన్నమాట. ఊడొచ్చే కళ్లు, చక్రాలు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

నాలుగోది, లైట్ వెలిగే బొమ్మలు. వాటిలో గుండీ బ్యాటరీ ఉంటది. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలే ప్రమాదం ఉంది. స్క్రూతో బిగించిన మూత లేకపోతే కొనొద్దు.

ఐదోది, మెడకు తొడిగే గాలి రింగులు. ఫోటోల్లో ముచ్చటగా ఉంటాయి. పసిపిల్లలకు ఇవి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది.

అసలు ఏమీ కొనకుండా కూడా గడుస్తది. అంచు మడిచిన చిన్న స్టీలు గిన్నె, గ్లాసు, ఒక ప్లాస్టిక్ మగ్గు. నింపడం, ఒంపడం, తేలేది ఏది మునిగేది ఏది చూడడం. ఏడాది దాటిన పిల్లకు ఇంతకంటే పెద్ద ఆట లేదు. కడగడం సులువు, ఆరడం సులువు.

ఆఖరి మాట, బొమ్మకంటే ముఖ్యమైంది. టబ్బు వచ్చాక నీళ్లు నిలవడం మొదలైంది. పసిపిల్ల మునగడానికి రెండు అంగుళాల నీళ్లు చాలు. మన ఇళ్లల్లో టబ్బుకంటే బకెట్ ఎక్కువ ప్రమాదం. బుడిబుడి నడకల పిల్లకు తల బరువు ఎక్కువ, బకెట్లోకి వంగితే వెనక్కి లేవలేదు. స్నానం అయిపోగానే బకెట్ ఒంపేయండి. ఆదిలాబాద్ చలికి హీటర్ రాడ్ పెట్టని ఇల్లు తక్కువ. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, రాడ్ బయట పెట్టాకే పిల్లను అటు తీసుకెళ్లండి. టబ్బులో ముందు చల్లనీళ్లు, తర్వాత వేడినీళ్లు కలిపి, మోచేతితో చూడండి. ఫోన్ మోగితే మోగనివ్వండి, లేకపోతే పిల్లను ఎత్తుకొని పోండి.

పాత పద్ధతిలో ఒక్కటి మాత్రం ఏ కంపెనీ అమ్మలేదు. నాయినమ్మ కాళ్ల మీద పిల్ల ఉన్నంతసేపు ఆమె కళ్లు ఇంకెక్కడికీ పోయేవి కావు. టబ్బు కొనండి, బాతు కొనండి, నిర్మల్ పక్షిని కొని అరమీద పెట్టండి, ఆ కళాకారుల ఇంట్లో పొయ్యి వెలుగుతది. ఆ చూపును మాత్రం బొమ్మకు అప్పజెప్పకండి.

ఇవాళ్టికి ఇంతే. చిన్నపిల్లలు ఉన్న ఇళ్లకు ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం.