ఎర్రగా కాల్చిన రాగి

లారీ ఇంజన్ అడుగున, ఆయిల్ చాంబరు కింద ఒక బోల్టు ఉంటుంది. పాత ఆయిలు దింపాలంటే పానా వేసి దాన్నే విప్పాలి. ఆ బోల్టు తలకూ చాంబరుకూ మధ్య పావలా బిళ్లంత రాగి వాషరు. షెడ్లలో దాన్ని ప్యాకింగ్ అని కూడా అంటారు. ఆ మాట వయసు మోటారు బండి వయసు కంటే ఎక్కువ.

1712లో ఇంగ్లండులోని డడ్లీ దగ్గర థామస్ న్యూకమెన్ నిలబెట్టిన ఆవిరి యంత్రంలో పిస్టన్‌కు తోలు బిళ్ల తొడిగి, దాని మీద నీళ్లు నిలిపారు. సందులోంచి గాలి చొరబడకుండా అదే కాపలా. జేమ్స్ వాట్ యంత్రానికి సిలిండరు ఎప్పుడూ వేడిగా ఉండాలి, కాబట్టి నీళ్ల ఉపాయం చెల్లలేదు. నార తాళ్లకు పశువుల కొవ్వు పట్టించి సందులో కూరారు. అలా కూరడమే ప్యాకింగ్. తర్వాత కాలంలో ఆస్‌బెస్టాస్ షీట్లు వచ్చాయి. వాటి ధూళి ఊపిరితిత్తులకు చేసే చేటు తెలిశాక యూరోపియన్ యూనియన్ 2005 నుంచి ఆస్‌బెస్టాస్ వాడకాన్ని నిషేధించింది.

రాగి మాత్రం నిలిచింది.

మన రోడ్ల మీద డీజిల్ లారీల సంఖ్యను పెంచిన వాటిలో టాటా బండ్లు ముఖ్యమైనవి. జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో 1954లో జంషెడ్‌పూర్‌లో వాటి తయారీ మొదలైంది. ఆ ఒప్పందం 1969లో ముగిసినా బెంజి పేరు మాత్రం విజయవాడలో ఒక పెద్ద కూడలికి ఉండిపోయింది. అక్కడికి దగ్గర్లోనే ఆటోనగర్, లారీల మరమ్మతుకు పేరున్న చోటు.

ఈ లారీల ఇంజన్ అడుగున ఉండే ఆ బోల్టు మరలు ఎంత బిగించినా వాటి మధ్య సన్నని దారి ఉంటుంది, వేడెక్కి పలుచబడిన ఆయిలు అందులోంచి జారుతుంది. రాగి మెత్తన. బిగించేకొద్దీ నలిగి, రెండు ఇనుప ముఖాల మీది గీతల్లోకి ఒదిగి దారి మూసేస్తుంది. అయితే ఒకసారి నలిగిన రాగి గట్టిపడుతుంది. మళ్లీ అదే వాషరు వేస్తే ఒదగదు, బొట్టు బొట్టుగా కారుతుంది. ఇంకాస్త బిగిద్దామని బలం పెడితే చాంబరు మరలే పోతాయి, ఖర్చు పదింతలవుతుంది.

అందుకే పాతకాలపు మేస్త్రీలు ఆ వాషరును గ్యాసు మంటలో ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మళ్లీ వేసేవారు. ఇనుము పని తెలిసినవారికి ఇది తలకిందులుగా అనిపిస్తుంది: ఎర్రగా కాల్చిన ఉక్కును నీళ్లలో ముంచితే గట్టిపడుతుంది, కాల్చడంతో మెత్తబడిన రాగి మాత్రం మెత్తగానే ఉంటుంది. నీళ్లు దాని మీది నల్లటి పొరను రాల్చేస్తాయంతే. రాగి బిందెలు సాగగొట్టే కంచరులకు ఈ గుణం తరతరాలుగా తెలుసు. సుత్తి దెబ్బలకు బిరుసెక్కిన రేకును మధ్యమధ్య కొలిమిలో కాల్చకపోతే అది పగులుతుంది. కంచరి కొలిమికీ లారీ షెడ్డుకూ ఉన్న ఈ చుట్టరికాన్ని మన వృత్తుల చరిత్రలో తప్పక రాసుకోవాలి.

ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి ఇనుప రింగుకు రబ్బరు అతికించిన సీలో, ఉత్త రబ్బరు రింగో వస్తోంది. కొన్నింటికి ఆయిల్ చాంబరే ప్లాస్టిక్‌ది. ఆ రబ్బరును మంటలో పెడితే మెత్తబడదు, కాలిపోతుంది. ఆయిలు మార్చిన ప్రతిసారీ పాతది పారేసి కొత్తది వేయాల్సిందే.